ఆయాసముతో కాపురము

మన యిండ్లలో ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క మర్యాద కలదు. జ్వరము వచ్చినవారికి మంచము వేయుదుము. చక్కెర వ్యాధి గలవారికి వేరుగా వండిపెట్టుదుము. కాలు విరిగినవారిని జూచుటకు బంధువులు పండ్లు పట్టుకొని వత్తురు. ఆయాసమునకు మాత్రము అట్టి మర్యాద యేదియు లేదు. మెట్లెక్కి వచ్చి గుమ్మము పట్టుకొని రొప్పుచున్న పెద్దావిడను జూచి "వయసు మీద పడింది కదా" యని యింటిల్లిపాదియు ననుకొందురు. ఆమెయు నట్లే యనుకొనును. ఆ యనుకొనుటలోనే పదియేండ్లు గడచిపోవును. సోదరీమణులతో ఈ సంగతి ముచ్చటింపదలచుటకు కారణమిదియే.

మా కాపురము కోఠిలో, సుల్తాన్ బజారు వెనుకనున్న యొక గల్లీలో. ఇల్లు రెండవ యంతస్తు, మెట్లు 34. మా యత్తగారికిప్పుడు 72 ఏండ్లు. పుట్టినిల్లు నల్లగొండ జిల్లాలో నొక పల్లె. ఎనిమిదేండ్ల ప్రాయముననే ఊదుగొట్టము చేతబట్టి పొయ్యి రాజేసినవారు. కందికట్టె, పత్తికట్టె, వానకాలములో సగము తడిసిన పిడకలు, వీనిలో దేని పొగ కన్నునెట్లు మండించునో ఆమె నేటికిని వేరువేరుగా చెప్పగలరు. పెండ్లియై పట్నమునకు వచ్చిన పిమ్మట పొగ తగ్గినదా యనగా, లేదు. కిటికీ లేని వంటగది. బొగ్గుల కుంపటి, రంపపుపొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. గ్యాసు పొయ్యి వచ్చునప్పటికి పిల్లలు ముగ్గురును బడికి పోవుచుండిరి. రాత్రులందు మామగారి సిగరెట్టు పొగ వేరు. ఆమె మాత్రము జన్మలో పొగాకు ముట్టి యెరుగరు.

ఈ మాట నొక్కి చెప్పుటకు కారణము కలదు. ఊపిరితిత్తులు చెడుట పొగత్రాగు మగవారికి మాత్రమే కలుగు కీడని మనవారి నమ్మకము. (ఉత్తరాంధ్ర తీరమున చుట్టను నిప్పుకొన నోటిలోనికి బెట్టి త్రాగు స్త్రీలు కలరు, వారి మాట వేరు.) లోపలికి పోయిన పొగకు ఇది పొగాకు, ఇది కట్టె యను భేదము లేదు. ఉమ్మడి రాష్ట్రములో 1999లో దీపము పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి ఆడువారి పేర గ్యాసు నిచ్చినవి. ఆ మేలు చిన్నది కాదు. కాని అంతకు ముందు ముప్పదేండ్లు పొయ్యి నూదినవారి రొమ్ములోని నష్టము పొయ్యి మారినంత మాత్రమున పోదు.

వైద్యులు దీనిని సి.ఓ.పి.డి. యందురు. 2021లో ప్రపంచమున సుమారు 35 లక్షలమంది ఈ వ్యాధిచే మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా వైపు దీనికిని ఉబ్బసమునకును కలిపి "దమ్ము" అని ఒకటే పేరు. ధైర్యమునకు గూడ మావారు దమ్మనియే యందురు. ఎవరు పెట్టిరో గాని తెలిసి పెట్టిన పేరు. ఉబ్బసము వచ్చును, పోవును. తగిన మందు పడినచో ఊపిరి చాలవరకు మునుపటివలె నగును. సి.ఓ.పి.డి. అట్లు కాదు. ఊపిరి గొట్టములు వాచి, ముడుచుకొని, కళ్లెతో నిండును. వాని చివరనుండు గాలి బుడగల గోడలు చినిగి, చిన్నవి పది కలిసి పెద్దది ఒకటి యగును. అందుచే గాలి లోపలికి పోవుటకన్న బయటికి వచ్చుటయే కష్టము. పాత గాలి లోపలనే చిక్కుపడి యుండగా క్రొత్త గాలికి చోటెక్కడిది? "నిండిన కుండలో నీళ్ళు పోసినట్లున్నది" అని అత్తగారు తమ బాధను చెప్పుకొనుచుండిరి. వైద్య గ్రంథములు చెప్పునదియు సరిగా అదియే.

ఆరేండ్లు ఆమెకు దగ్గు మందు సీసాలే గతియైనవి. మందిచ్చిన వైద్యుని పేరు మాకవసరము లేదు. తుదకు వేరొక ఛాతీ వైద్యురాలు మొదటి దినముననే ఊదు పరీక్ష చేయించిరి. ఈ పరీక్షకు స్పైరోమెట్రీ యని పేరు. 1846లో లండనులో జాన్ హచిన్సన్ అను వైద్యుడు ఇట్టి యంత్రమును గూర్చి ప్రకటించెను. నిండుగా పీల్చి, గొట్టములోనికి ఒక్కసారిగా బలముకొలది ఊదవలెను. పీల్చినదంతయు ఎంత, అందు మొదటి సెకనులో బయటపడినది ఎంత యని యంత్రము చెప్పును. గొట్టములు సడలు మందు పీల్చిన తరువాత గూడ ఆ మొదటి సెకను వంతు నూటికి 70 కన్న తక్కువయైనచో గొట్టములు మూసుకొనుచున్నట్లు. చిన్ననాడు ఊదుగొట్టముతో పచ్చి కట్టెను మండించిన మనిషి, ఆనాడు ఆ గొట్టము నోట బెట్టుకొని రెండు క్షణములకే దగ్గుతో వంగిపోయిరి. మూడవ ప్రయత్నమున లెక్క తేలినది. మొదటి సెకనులో వచ్చినది 760 మిల్లీలీటర్లు. ఆమె వయసుకు, పొడవుకు ఉండవలసినదానిలో అది నూటికి 46 వంతులు. 50కి క్రిందనున్నచో తీవ్రమని, 30కి క్రిందనున్నచో అతి తీవ్రమని వైద్యుల వాడుక.

పోయినది రాదని వైద్యురాలు దాచక చెప్పిరి. ఆ చెప్పుట మాకు నచ్చినది. ఆరోగ్యవంతులకును నడివయసు మొదలు ఏటేట 25, 30 మిల్లీలీటర్ల చొప్పున ఊపిరి తగ్గుచునే యుండును. పొగ పడనివారు పొగలోనే యున్నచో ఇంతకు రెట్టింపు వేగముతో జారును. పొగ మానిన దినము నుండి ఆ జారుట మరల మామూలు నడకకు వచ్చునని 1977లో ఇంగ్లండు పరిశోధకులు ఫ్లెచర్, పీటో అనువారు చూపిరి. వారు చూచినది సిగరెట్టు త్రాగు మగవారిని. అయినను పొగ యేదైనను దానిని ఆపుటయే మొదటి మందు. వైద్యురాలు మా వంటగదిని గూర్చి అడిగిన ప్రశ్నలు మా వియ్యపురాలు గూడ అడిగి యుండలేదు.

ఇంటికి వచ్చి పొగ లెక్క కట్టితిమి. కట్టెలు పోయినను పొగ పోలేదు. పోపులో మాడిన మిరపకాయ ఘాటు, దోమల చుట్ట, దేవుని ముందర అగరువత్తి, శుక్రవారపు సాంబ్రాణి, గల్లీ మొగలో చెత్త తగులబెట్టు పొగ. దోమల చుట్టకు బదులు తెర కట్టితిమి. పోపు వేయునప్పుడు మూత, గోడకు గాలి లాగు పంకా. అగరువత్తి దగ్గర మాత్రము కొంత చర్చ జరిగినది. "యాభై ఏండ్ల సంది వెలిగిస్తున్న, ఇప్పుడు దేవుడు ఏమనుకుంటడు?" అని అత్తగారు. పూలు పెట్టినను ఏమియు ననుకొనడని వారికి వారే రెండు దినములలో తేల్చుకొనిరి.

ఇక పీల్చు మందు. ఇన్‌హేలరనగానే మన యాడువారికి భయము. "ఒకసారి అలవాటైతే జన్మలో మానదు" అని ఇరుగుపొరుగు చెప్పని దినము లేదు. కండ్లజోడు అలవాటైనదని యెవరైన మానుచున్నారా? మందు రెండు తీరులు. సాల్బ్యూటమాల్ వంటిది ఆయాసము వచ్చినప్పుడు వెంటనే గొట్టములను సడలించును. టయోట్రోపియం వంటిది దినమునకొకసారి, ఆయాసమున్నను లేకున్నను పీల్చవలసినది. ఏది యెవరికో వైద్యులే చెప్పవలయును. మేము చెప్పగలది పీల్చు తీరు. ముందు లోపలి గాలి వదలి, పంపు నొక్కుచునే నోటితో మెల్లగా నిండుగా పీల్చి, పది లెక్కించువరకు బిగబట్టవలెను. పొడి మందు పరికరమైనచో మెల్లగా గాదు, వడిగా బలముగా పీల్చవలెను. ఈ భేదము తెలియక మందు నాలుకకే పూసుకొనువారు చాలమంది. చేయి, ఊపిరి కలియనివారికి పంపునకు తగిలించు గొట్టపు డబ్బా దొరకును. అత్తగారికి అదియే కుదిరినది. స్టెరాయిడు కలిసిన మందైనచో పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించుట మరువరాదు, లేనిచో నాలుక పూయును.

చేప మందు మాట యెత్తకున్నచో మా వీధివారు మమ్ము క్షమింపరు. ప్రతి యేట మృగశిర కార్తె ప్రవేశించునప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో బత్తిని వారి కుటుంబము వేలమందికి ఉచితముగా ఇచ్చు మందు అది. బ్రతికియున్న కొర్రమీను పిల్ల నోటిలో పచ్చని ముద్దనుంచి మ్రింగింతురు. శాకాహారులకు బెల్లముతో నిత్తురు. 1845 నుండి ఇచ్చుచున్నామని వారి కుటుంబ కథనము. అది పనిచేయునని శాస్త్రీయమైన ఆధారము లేదు. నమ్మినవారిని మేము ఎగతాళి చేయము. మా యింటి పాల మనిషి ఏటేట తన కొడుకును తీసికొని పోవును. కాని ఆ వరుసలో గంటలకొలది నిలుచుట, ఆ తొక్కిసలాట, ఆ దుమ్ము సగము ఊపిరి గలవారికి తగునా? అత్తగారు పోదమనినచో ఈ మాటయే చెప్పవలెనని యుంటిమి. వారే "బస్సెక్కుటకే దమ్ము లేదు, చేపను మింగుటకు ఎక్కడిది" అని తేల్చివేసిరి.

ఇంతవరకు అంతయు సులభమే. అసలు కష్టము ప్రేమతో వచ్చినది.

పరీక్ష సంగతి విని మా యాడపడుచు వరంగల్లు నుండి పరుగున వచ్చినది. తల్లిని మంచము దిగనీయలేదు. కంచము మంచము దగ్గరకే. స్నానమునకు వేడినీళ్ళు చెంతకే. కూరగాయలు తరుగుట గూడ వద్దు. "అమ్మా, నువ్వు కదలకు, అంతే" అని చెప్పి, పోవుచు పనిమనిషికి వేరుగా డబ్బిచ్చి పోయినది. రోగి కదలరాదని అనుకొనుట సహజమే. కదలిననే కదా ఆయాసము వచ్చుచున్నది? తల్లిని కదలనీయని కూతురి మాటకు కోడలు అడ్డు చెప్పినచో లోకమేమనునో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. వద్దని మేము ఒకసారి యంటిమి, "మీ అమ్మయితే ఇట్లనే అంటవా వదినా?" అని జవాబు వచ్చినది.

మూడు నెలలకు అత్తగారు స్నానాల గదికి నడచుటకే రొప్పసాగిరి. పిక్కలు సన్నబడినవి. వైద్యురాలి వద్ద మరల ఊదించిరి. చిత్రమేమన, అంకె మారలేదు, అవే 760. ఊపిరితిత్తులు ఇసుమంతయు చెడలేదు, మనిషి మాత్రము సగమైనది. అప్పుడు వైద్యురాలు విడమరచి చెప్పిరి. బలము తగ్గిన కండ అదే పనికి ఎక్కువ గాలిని కోరును. ఆయాసమునకు జడిసి కూర్చుందురు. కూర్చున్నకొలది కాళ్ళు నీరసించును. నీరసించినకొలది లేచినంతనే ఆయాసము. ఊపిరితిత్తులను మనము బాగుచేయలేము, కాళ్ళను బాగుచేయగలము. ఈ వ్యాధిలో ఆయాసము తగ్గించుటకు మందుల తరువాత వ్యాయామ శిక్షణయంత మేలు చేయునది మరియొకటి లేదు. రోగి ఆరు నిముషములలో 30 మీటర్ల వసారాలో ఎన్ని సార్లు తిరుగగలరో చూచి, దానినిబట్టి ఆరు మొదలు ఎనిమిది వారముల వరకు పాఠము పెట్టుదురు.

పాఠములో మొదటిది పెదవులు బిగించి ఊదుట. ముక్కుతో రెండు లెక్కించువరకు పీల్చి, ఈల వేయబోవునట్లు పెదవులు సున్నచుట్టి, నాలుగు లెక్కించువరకు మెల్లగా వదలవలెను. ఇందుచే గొట్టములు త్వరగా మూసుకొనక, చిక్కుపడిన గాలి బయటపడును. "ఆడది ఈల వేసుడేంది బిడ్డా" అని మొదట సిగ్గుపడిరి. మెట్లెక్కునప్పుడు నిలుచుండి పీల్చి, ఊదుచు రెండు మెట్లెక్కి, మరల నిలుచుట. ఆయాసము పట్టుకొన్నప్పుడు వెనుకకు పండుకొనరాదు. ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళపై నాన్చి కూర్చున్నచో రొమ్ముకు సాయము కలుగును. స్నానమునకు ముక్కాలిపీట, తరుగుటకు బల్ల, చేతికందు ఎత్తులో పప్పు డబ్బాలు. పని మాన్పించుటకు గాదు, పనికి తగిన ఊపిరి మిగుల్చుటకు.

మొదటి వారము వసారాలో నాలుగు నిముషములు. మూడవ వారము గల్లీ చివరి వరకు. ఆడపడుచు ఫోనులో విని కోపించినది. "వదినా, అమ్మను మళ్ళీ మెట్లెక్కించినవా? ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?" ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. ఫోను అత్తగారే తీసికొనిరి. "కూసుంటే సస్త, నడిస్తే దమ్మొస్తది. ఏది మంచిదో నాకు తెలుసు" అని పెట్టివేసిరి. అయినను ఆమె కోపము పూర్తిగా పోలేదు. పోవునని మేము అనుకొనుటయు లేదు. తల్లి రొప్పుచుండగా చూచి "ఇంకొక పది అడుగులు" అనుట కడుపున పుట్టిన బిడ్డకు కష్టమే.

అయిదవ నెలలో బడీచౌడీ మీదుగా హనుమాన్ టేక్డీ వరకు పోయి వచ్చిరి. టేక్డీ యనగా మిట్ట; పేరులోనే ఎక్కుడున్నది. దారిలో నాలుగు చోట్ల నిలిచిరి. నిలిచినప్పుడు సిగ్గుపడకుండుటకు మేము ఒక యుపాయము చేసితిమి. ప్రతి నిలుపునకు ఒక దుకాణము. గాజుల కొట్టు, పూల గంప, స్టీలు సామాను, తుదకు పాత పుస్తకముల బండి. జూచువారికి బేరమాడుచున్నట్లుండును, ఆమె ఊదుకొనుచుందురు. కార్తిక మార్గశిరములలో మాత్రము తెల్లవారుజామున నడువరాదు. అప్పుడు బండ్ల పొగయు మంచును కలిసి నేలబారుగా నుండును. ఎండ పొడిచిన తరువాతనే బయలుదేరవలెను. దీపావళి మూడు దినములు తలుపులు మూసికొని లోపలనే నడక.

ఊపిరిని కనిపెట్టి చూచుటలో మా పేటకొక పాత సంబంధమున్నది. 1888లోను 1889లోను ఇక్కడ హైదరాబాదు క్లోరోఫారము పరిశోధన సంఘములు కూర్చున్నవి. రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డ్ లారీ వానిని నడపెను. రెండవదానికి ఆరవ నిజాము ధనమిచ్చెను. మత్తు నిచ్చునప్పుడు నాడిని గాదు, శ్వాసను కనిపెట్టియుండవలెనని వారు తేల్చిరి. క్లోరోఫారము గుండెను సూటిగా ఆపదన్న వారి వాదము తరువాత తప్పని తేలినది గాని, శ్వాసపై కన్నుంచుమన్న మాట నిలిచినది. లారీ కాలమున ఇచ్చటి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచములోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరు. ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్య కళాశాల. మా మేడ మీదినుండి నడచిన పది నిముషములు.

మేమును అత్తగారి ఊపిరిని లెక్కించుదుము. వారెరుగకుండ, టీవీ చూచుచున్నప్పుడు, ఒక నిముషము. మామూలుగా 18, 20. ఊరకున్నప్పుడు 25 దాటి యుండినను, కళ్లె తెలుపు పోయి పసుపు పచ్చ యైనను, దగ్గు హెచ్చినను, పాదములు వాచినను ఆ దినమే వైద్యురాలికి చెప్పుదుము. మాట తడబడి పగటి నిద్ర కమ్మినచో చెప్పుట గాదు, తీసికొని పోవుటయే. ఈ వ్యాధిలో ఒక్కొక్క ముదురు దాడి కొంత ఊపిరిని పట్టుకొని పోవును. దాడిని రానీయకుండుటయే లాభము. అందుకే ఏటేట ఫ్లూ టీకా, వైద్యులు చెప్పినట్లు న్యుమోనియా టీకా. బరువు తగ్గనీయరాదు. ఒకేసారి కడుపునిండ తిన్నచో పొట్ట పైకి నెట్టి ఊపిరాడదు. కావున కొంచెము కొంచెముగా అయిదు సార్లు. పప్పు, పెరుగు, వేయించిన సెనగలు. రొట్టె నమలుట ఆయాసమైన దినమున మెత్తని కిచిడీ.

రెండేండ్లకు మొన్న మరల ఊదించితిమి. 710 మిల్లీలీటర్లు, నూటికి 43. ఏడాదికి 25 చొప్పున తగ్గినది. "వయసుకు తగ్గట్టే పోతున్నది" అని వైద్యురాలు సంతోషించిరి. ఊపిరి తగ్గినందుకు సంతోషించు వైద్యులను మేము మొదటిసారి జూచితిమి.

ప్రాణవాయువు యంత్రము ఆమెకింకను అవసరము లేదు. అందరికిని అది పనికిరాదు. ఊరకున్నప్పుడు గూడ నెత్తురులో ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి, దినమునకు 15 గంటలకు తక్కువ గాకుండ ఇచ్చినచో ఆయువు పెరుగునని 1980లో అమెరికాలోను, 1981లో బ్రిటనులోను జరిగిన పరీక్షలు చూపినవి. ఈ రోగులకు ఎక్కువ యిచ్చుటయు ప్రమాదమే. వ్రేలికి తగిలించు యంత్రములో 88 మొదలు 92 వరకున్న చాలును, 99 కావలెనని పంతము పట్టరాదు. ఆ యంత్రము నడచుచోట నిప్పు ఉండరాదు. దీపము, హారతి, పొయ్యి, అగ్గిపుల్ల ఏదియు దరిదాపుల పనికిరాదు.

ఈ సంగతి వైద్యురాలు చెప్పుచున్నప్పుడు అత్తగారు తలవంచుకొని వినిరి. దేవుని గూడు వారి పడకగదిలోనే యున్నది, మంచమునకు నాలుగడుగుల దూరమున. ఆనాడేమియు ననలేదు. శ్రావణము రాకముందే వడ్రంగిని పిలిపించి, గూడును ముందు గదిలో తూర్పు గోడకు మార్పించిరి. "ఆ మిషిను వచ్చిననాడు ఎవరికీ తొందర ఉండొద్దు" అనిరి. ఇప్పుడు దీపము పెట్టుటకు వారు పదునెనిమిది అడుగులు నడచి వచ్చుచున్నారు, నడుమ నొకసారి నిలిచి.